నీడ పడే వైపు

మార్చి 4

మామయ్యా,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు. మీ పనివాళ్ల గదిలో టీ తాగుతూ పైకి చదివి వినిపించే ఉత్తరం కాదిది. వెళ్లి ఆ గ్రౌండ్ రోలర్ మీద కూర్చో, ఒక్కడివే చదువు. ముప్పై ఏళ్లుగా ఆ గడ్డి కోసే మిషను నీ చెవులు తినేసింది కాబట్టి ఫోన్‌లో రహస్యం చెప్పుకునే భాగ్యం మనకు లేదు. నేను గుసగుసగా ఒక మాటంటే నువ్వు "ఏంటీ, మోకాలా?" అని స్టేడియం అంతా వినపడేలా అరుస్తావు.

సంగతేమిటంటే, మోకాలి ఆపరేషన్ అయిన ఏడు నెలల తర్వాత నన్ను మళ్లీ ఆడిస్తున్నారు. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, ఈ నెల 30న, మీ గ్రౌండ్‌లో, మీ క్లబ్బు అమ్మాయిల మీదే. పట్టిక చూసే ఉంటావు. దేశం మొత్తంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ పై లీగ్‌లో ఉన్నవి పన్నెండు జట్లు. పన్నెండో స్థానంలో ఉన్నది ఎప్పుడో మునిగిపోయింది. దానితోపాటు కింది లీగ్‌కి పోయే రెండోది మీరా మేమా అన్నది ఈ మ్యాచ్‌తో తేలుతుంది. మీకు డ్రా చాలు, మేం గెలిచి తీరాలి. కిందికి పోతే మా క్లబ్బు ఆడవాళ్ల జట్టునే ఎత్తేస్తుందని అందరూ అంటున్నారు. నాకు ఇరవై ఎనిమిది. సీజనంతా బంతి ముట్టని వింగర్‌ని ఇంకే జట్టూ పిలవదు. ఈ ఒక్క మ్యాచ్‌లో నలుగురి కంట పడాలి.

ఇప్పుడు రహస్యం. మా ఫిజియో అక్క పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాను. అవన్నీ జిమ్‌లో, గట్టి నేల మీద పెట్టినవి. అక్కడ ఎడమకాలి మీద గిర్రున తిరిగినా ఏమీ కాదు. మెత్తటి నేల మీద తిరిగితే మాత్రం మోకాలి లోపల ఏదో జారుతుంది. నొప్పేమీ లేదు. తలుపు గడియ సరిగ్గా పడనట్టు ఉంటుంది, అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నేను ఎడమ వింగ్ కదా, ఒక సగం ఎండ వైపు గీత వెంబడి పరుగెత్తాలి, వైపులు మారాక ఇంకో సగం పెద్ద స్టాండ్ నీడ పడే వైపు. ఎండ వైపు నాకు బెంగ లేదు. ఆ నీడ వైపు ఇప్పుడెలా ఉంది? రెండేళ్ల కిందట అక్కడ నా బూటు మడమ దాకా దిగబడింది. నిజం చెప్పు. అమ్మకి చెప్పకు.

ఎడమ మోకాలు తప్ప మిగతా అంతా క్షేమంగా ఉన్న
నీ మేనకోడలు

మార్చి 8

ఒసేయ్ పిడుగూ,

రోలర్ మీద కూర్చునే చదివాను. చదివాక కాసేపు లేవబుద్ధి కాలేదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. నీడ వైపు బాగాలేదు. శీతాకాలమంతా అక్కడ ఎండ పొడ తగల్లేదు. ఎండ లేనిచోట గడ్డి పచ్చగా కనిపిస్తుందే కానీ వేళ్లు లోతుకు దిగవు, అడుగు వేస్తే మట్టితో సహా లేచి వస్తుంది. పైగా నిన్న మా కోచ్ మేడం వచ్చి, "మ్యాచ్ రోజు పొద్దున ఆ వైపు గట్టిగా నీళ్లు పట్టండి. వాళ్లది పరుగుల జట్టు, కాళ్లు కాస్త బరువెక్కాలి" అని చెప్పి పోయింది. ఇదేమీ దొంగపని కాదు. ప్రతి గ్రౌండ్‌లోనూ సొంత జట్టు కోసం గడ్డి ఒక వేలెడు పెంచుతారు, ఒక వేలెడు తగ్గిస్తారు. నువ్వు ఆడుతున్నావన్న సంగతి ఆవిడకి ఇంకా తెలియదు. నేను చెప్పను కూడా.

నా ఇరకాటం కూడా విను. మా జట్టు కిందికి పోతే ఇక్కడ గడ్డి పనికి నలుగురు అక్కర్లేదు. ఒక్కర్ని ఉంచుతారు. ఆ ఒక్కడూ పిలిస్తే పలికేవాడై ఉంటాడు, నాలాంటి చెవిటిమాలోకం కాదు. అయినా ఆ బాధ నాది, నువ్వు నెత్తిన వేసుకోకు.

నేను డాక్టర్ని కాదు. కానీ గడియ సరిగ్గా పడని తలుపు ఉన్న ఇంట్లో నేనైతే నిద్రపోను. ఇలాంటిది ఎవరో ఒకరికి చెప్పి తీరాలి. దాచిపెట్టి ఊరుకునే విషయం కాదు.

మీ అమ్మకి చెప్పలేదు. చెప్తే ముందు నా వీపు విమానం మోత మోగిస్తుంది, ఆ తర్వాత నీ వంతు.

మామయ్య

మార్చి 12

మామయ్యా,

గ్రౌండ్ ఎలా ఉందని నేనడిగాను. నన్నెలా ముంచబోతున్నారో నువ్వు వివరంగా రాశావు. చాలా థాంక్స్.

"ఎవరో ఒకరికి చెప్పి తీరాలి" అని రాశావు. ఎవరికి? మీ కోచ్ మేడంకా? ఇది సలహా అనుకోవాలా, బెదిరింపు అనుకోవాలా? ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ బెదిరింపులాగే వినిపించింది.

మా గది సంగతి చెప్తాను, నేనెలా ఉన్నానో నీకు అర్థమవుతుంది. రెండు మంచాలు, మధ్యలో ఐసు బకెట్టు. నాతో ఉండే గోల్‌కీపర్ అక్క రోజూ ఆ బకెట్టుకి తన్నుకుని నన్ను తిడుతుంది. ప్రాక్టీసు అవగానే బకెట్టులో మోకాలి దాకా కాలు పెట్టి కూర్చుంటాను, ఆవిడ వచ్చే అలికిడి కాగానే తీసేసి తుడుచుకుంటాను. బకెట్టు చీలమండ కోసం అని చెప్పాను, నమ్మింది. ముఖం మీద నవ్వు అతికించుకుని అబద్ధం చెప్పడం బాగా అలవాటైపోయింది. నిన్న ఫిజియో అక్క "అంతా బాగుందా?" అంటే ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే "సూపర్" అనేశాను.

నీళ్లు పట్టొద్దని నేననను. నీ పని నీది. కానీ ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ నీడ వైపు నేల గట్టిపడేలా ఈలోగా ఏమైనా చెయ్యొచ్చా? ఏమీ లేదులే. నేను అడగలేదనుకో.

నీ మేనకోడలు

మార్చి 17

పిడుగూ,

నువ్వు అడగలేదు, నేను వినలేదు. ఎలాగూ నాకు వినపడదు.

నాలుగు రోజులుగా నీడ వైపే ఉంటున్నాను. గీత వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, పన్నెండు అడుగుల వెడల్పున, ముళ్ల ఫోర్కుతో జానెడు లోతు బెజ్జాలు పొడిచాం. ఒక్కో బెజ్జంలో ఇసుక కూరుతున్నాం. తడి కిందికి ఇంకిపోవడానికి ఇదొక్కటే మార్గం. నాతో పనిచేసే ముగ్గురూ "ఏంటి గురూ, ఈ వైపు మీద ఇంత ప్రేమ?" అని నవ్వుతున్నారు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. నీ కోసమని మురిసిపోకు. ఆ చోటు ఏనాటి నుంచో నా కంట్లో నలుసు.

మొన్న మా కోచ్ మేడం వచ్చి గీత పక్కన చాలాసేపు నిలబడింది. "నేను నీళ్లు పట్టమంటే మీరు ఇసుక పోస్తున్నారేంటి?" అంది. నీళ్లు నిలిచి గడ్డి కుళ్లిపోతోందని చెప్పాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

నేను రాసింది బెదిరింపు కాదే తల్లీ. నీ ఫిజియోకి చెప్పమన్నాను, అంతకుమించి ఏమీ లేదు. నీ ఉత్తరాన్ని బట్టి ఇంకా చెప్పలేదని తెలుస్తూనే ఉంది. చెప్పు. నేల ఎంత గట్టిపరిచినా అది నేలే కానీ మోకాలు కాదు.

మామయ్య

మార్చి 22

మామయ్యా,

ఇదే నా ఆఖరి ఉత్తరం.

మీ జట్టులో రైట్ బ్యాక్ ఉందే, పొడుగుపిల్ల, మేమంతా నిచ్చెన అని పిలిచేవాళ్లం, రెండేళ్లు నాతో ఆడింది. నిన్న ఫోన్ చేసింది. పాపం దానికి మనసు ఒప్పుకోలేదట. మీ కోచ్ మేడం నన్ను ఆపే పని దానికి అప్పగించి, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పిందట. "ఆ అమ్మాయిని లోపలికి రానివ్వకు. నీడ వైపు గీత మీదికి తోసుకుపో. ప్రతిసారీ ఎడమకాలి మీద తిరిగేలా చెయ్యి. రెండుసార్లు తిరిగితే మూడోసారి తనే ఆగిపోతుంది" అని. ఈ మాటలు నిచ్చెన నోటివి, నేను కల్పించినవి కావు.

ఎడమకాలి మీద తిరగడం. నీడ వైపు. ప్రపంచంలో ఈ రెండూ కలిపి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకదాన్ని నేను. రెండోవాళ్లు ఎవరో నువ్వే చెప్పు.

నీ పని పోతుందని భయపడ్డావు. అర్థం చేసుకోగలను. నాతో సూటిగా "నేను చెప్పేశాను" అని ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. కానీ ఇసుక పోశాను, బొబ్బలెక్కాయి అని రాసి, ఆ వెనకాలే వెళ్లి నన్ను అమ్మేశావు. చిన్నప్పుడు నాకు బంతి తన్నడం నేర్పింది నువ్వే. అందుకే ఎక్కువ మండుతోంది.

నేను ఆడతాను. ఎవరేం చేసినా ఆడతాను. నువ్వు ఉత్తరం రాసినా విప్పను.

మార్చి 25

తల్లీ,

విప్పనన్నావు. అయినా రాస్తున్నాను. విప్పకుండా ఉండవన్న ఆశ.

నీ ఉత్తరం చదివి తిన్నగా మా కోచ్ మేడం గదికి వెళ్లాను. "నా మేనకోడలి గురించి మీకెవరు చెప్పారు?" అని అడిగాను. ఆవిడ నవ్వింది. నాకు వినపడాలని గట్టిగా, ఒక్కో మాట విడమరచి చెప్పింది. "మీరే చెప్పారు. పేపర్లో ఎడమ మోకాలి ఆపరేషన్ అని రాశారు, అది అందరికీ తెలుసు. పూర్తిగా తగ్గిందో లేదో ఎవరికీ తెలియదు. మీరేమో పదేళ్లుగా పట్టించుకోని చోట వారం రోజులు వంగి ఇసుక కూరారు. అది కూడా ఎడమ వింగర్ పరుగెత్తే పన్నెండు అడుగుల మేర మాత్రమే. అక్కడ ఎవరి కాలు జారకూడదని మీరు తాపత్రయపడుతున్నారో తెలుసుకోవడానికి నేనేమైనా గొప్ప తెలివైనదాన్ని కావాలా?"

ఒక్క ముక్క కూడా నేను పెదవి విప్పి చెప్పలేదు, ఒట్టు. నా చేతులు చెప్పాయి. గ్రౌండ్ మొత్తం పొడిచి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఆ మాత్రం బుర్ర లేకపోయింది. నిన్ను కాపాడబోయి నిన్నే చూపించాను.

ఇప్పుడు రెండు విషయాలు. ఒకటి, మ్యాచ్ రోజు రెండు వైపులా సమానంగా పది నిమిషాలు నీళ్లు పడతాను, రిఫరీని పక్కన నిలబెట్టుకుని మరీ పడతాను. మేడంకి ఆ మాట చెప్పేశాను. రెండోది జాగ్రత్తగా చదువు. వాళ్లు నీ మోకాలి మీదికే వస్తారు. ఇది అందగానే నీ ఫిజియోకి నిజం చెప్పు. మ్యాచ్ రోజు పొద్దుటిదాకా చూస్తాను. అప్పటికి నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఈసారి ఇది నిజంగానే బెదిరింపు.

మామయ్య

మార్చి 31

మీరు గెలిచారు. ఒకటి, సున్నా. ఎనభై ఏడో నిమిషంలో.

బస్సు దిగగానే గ్రౌండ్ చూడ్డానికి వచ్చాం. ఆటగాళ్లు గ్రౌండ్‌లోకి వచ్చే సొరంగం దగ్గర బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తితే, నువ్వు గడ్డి దాటుకుంటూ మా ఫిజియో అక్క దగ్గరికి నడుస్తున్నావు. ఆవిడ చెవిలో చెప్పాలనుకున్నావు కానీ నీకు మెల్లగా మాట్లాడటం ఎక్కడ చేతనవును? సగం మా జట్టు వింది.

తర్వాత ఆవిడ నన్ను గదిలోకి తీసుకెళ్లి, బూట్లు తీయించి, తడిపిన మెత్తటి పరుపు మీద ఎడమకాలితో తిరగమంది. తిరిగాను. ఆవిడ నా ముఖం చూడలేదు, మోకాలే చూసింది. ఆ తర్వాత బయటికి వెళ్లి లిస్టులో నా పేరు కొట్టేసింది. నా చోట పందొమ్మిదేళ్ల కొత్తమ్మాయిని పెట్టారు. పాపం ప్రాణం పెట్టి ఆడింది. నేను బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నిచ్చెన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆఖరి విజిల్ అయ్యాక మా కెప్టెన్ నాతో అన్న ఒకే ఒక్క మాట, "మీ మామయ్య భలే ఆడాడు." ఇవాళ పేపర్లో మీ కోచ్ మేడం మాట చూశాను: "ఈ రోజు మా బెస్ట్ ప్లేయర్ జట్టు లిస్టులో లేడు. ఆయన గడ్డి కోస్తాడు." పక్కన నీ ఫోటో కూడా ఉంది.

నీ కిందటి ఉత్తరం మ్యాచ్ ముందు రోజే అందింది. విప్పనని మాటిచ్చాను కదా, విప్పలేదు. బూట్ల సంచిలో పడేశాను. తిరుగు బస్సులో విప్పాను. ఇసుక సంగతి నమ్ముతున్నాను. అలాంటి తప్పు నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు. కానీ ఇంకొకటి అడుగుతున్నాను, నిజం రాయి. ఆ గడ్డి మీద నడుస్తున్నప్పుడు నీ మనసులో నా మోకాలు ఒక్కటే ఉందా?

ఏప్రిల్ 4

తల్లీ,

నువ్వు ఉత్తరం చదివావనే అనుకున్నాను. బస్సు దిగుతూ నన్ను చూసి తల తిప్పుకున్నావు. చదివి, తెలిసి, మొండిగా ఆడటానికే వచ్చావని అనుకున్నాను. విప్పలేదని తెలిసి ఉంటే ముందు నీ దగ్గరికే వచ్చేవాణ్ణి. నిన్ను పక్కకు పిలిచి బతిమాలేవాణ్ణి. అంతమందిలో నీ పరువు తీసేవాణ్ణి కాదు.

మ్యాచ్ అయ్యాక అందరూ వచ్చి నా భుజం తట్టారు. కోచ్ మేడం చెయ్యి కలిపింది. చేతులు వెనక్కి పెట్టుకోవాలని కూడా తోచలేదు, కలిపేశాను. ఆ ఫోటో అదే. మీ అమ్మ పేపరు చూసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అక్క ఇన్ని రోజులు నోరు మూసుకుని ఉండటం నా యాభై ఆరేళ్లలో ఇదే మొదలు.

ఇక నువ్వడిగింది. నూటికి నూరుపాళ్లు నీ మోకాలే అని రాద్దామని మూడు కాగితాలు తీశాను. మూడూ చింపేశాను. గడ్డి దాటుతున్నంతసేపూ నీ మోకాలే కళ్ల ముందు ఉంది, అది నిజం. ఫిజియోకి చెప్పేసి వెనక్కి తిరిగినప్పుడు, ఇక మా జట్టు బతికిపోతుంది, మా నలుగురి పనీ ఉంటుంది అని ఒక మూల అనిపించింది. ఆ ఆలోచన తర్వాత వచ్చిందా, ముందు నుంచే ఉందా అని నాలుగు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను. తెలియడం లేదు. తెలియని దానికి ఒట్టు వెయ్యలేను.

పని మానేద్దామని కూడా అనుకున్నాను. మానలేదు. మానేస్తే నీకు ఒరిగేదేమీ లేదు, నేను మంచివాణ్ణని నాకు నేను చెప్పుకోవడానికి తప్ప. నన్ను ఎన్ని తిట్లైనా తిట్టు, రాయడం మాత్రం మానకు.

మామయ్య

ఏప్రిల్ 9

మామయ్యా,

మా జట్టుని ఉంచుతారో లేదో ఇంకా చెప్పలేదు. కొత్తమ్మాయిని మాత్రం రెండు క్లబ్బులు అడిగాయి. ఆ మ్యాచ్‌లో చూసి అడిగారు. అది నా చోటు. సంతోషపడాలని చూస్తున్నాను, పూర్తిగా చేతకావడం లేదు.

కెప్టెన్ ఇంకా ముభావంగానే ఉంది. గోల్‌కీపర్ అక్కకి మాత్రం బకెట్టు సంగతి అర్థమయ్యాక చాలా కోపం వచ్చింది. మ్యాచ్ గురించి కాదు, తనకి చెప్పనందుకు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు తనే ఐసు తెచ్చి పెట్టింది.

నువ్వు నీ మనసులో ఆ మూల సంగతి రాయకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. నూటికి నూరుపాళ్లు అని రాసి ఉంటే ఒక్క అక్షరం కూడా నమ్మేదాన్ని కాదు. అలాగని కోపం పోయిందనుకోకు. కోపం ఉంది. నువ్వు ఎదురుగా ఉంటే గట్టిగా అరుస్తాను, నీకు వినపడేదాకా.

మొన్న ఫిజియో అక్క పట్టుబట్టి నన్ను స్కానింగ్‌కి తీసుకెళ్లింది. పోయిన ఆపరేషన్‌లో మోకాలి కీలుకి కట్టులా కొత్తగా వేసిన లిగమెంట్ సగానికి పైగా తెగి ఉంది. ఎప్పుడు తెగిందో తెలియదు, ప్రాక్టీసులోనే అయ్యుంటుంది అన్నారు. సర్జన్ బొమ్మ తెర మీద పెట్టి, మిగిలిన సన్నటి పోగు మీద వేలు పెట్టి చూపించాడు. "దీని మీద ఒక్క గట్టి మలుపు తిరిగి ఉంటే ఇదీ తెగేది, లోపలి గుజ్జు చితికిపోయేది. ఆట మాట అటుంచమ్మా, మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడైతే మళ్లీ వేద్దాం. ఏడాది పడుతుంది కానీ ఆడతావు" అన్నాడు. ఏడ్చాను. ఫిజియో అక్క కూడా ఏడ్చింది, తనని మోసం చేసినందుకు తిడుతూనే ఏడ్చింది.

ఆపరేషన్ పద్దెనిమిదిన. ఇంటివాళ్లు ఒకరు పక్కన ఉండాలట. అమ్మకి ఇవాళే అంతా చెప్పాను, స్కానింగ్ బొమ్మ కూడా పంపాను. ఎవరు వస్తారని ఆసుపత్రి కాగితంలో అడిగితే నీ పేరు రాశాను.

సర్జన్ అడిగాడు, "ఆ రోజు నువ్వు ఆడకుండా ఎవరు ఆపారు?" అని. మా మామయ్య అన్నాను. "అదృష్టవంతురాలివి" అన్నాడాయన. మామయ్య ఏ జట్టు మనిషో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నీ మేనకోడలు